బేస్‌బాల్ తెలియకపోయినా ఇంటిల్లిపాదీ బేస్‌బాల్ కామెడీలు చూడటం ఎలా

మే నెలలో నెల్లూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. వీఆర్సీ గ్రౌండ్‌లో తెల్లారుజామున మొదలైన క్రికెట్ ఎండెక్కేలోపే ఆగిపోతుంది, ఆ తర్వాత సాయంత్రం దాకా పిల్లకాయలు ఇంట్లోనే, ఫోన్ కోసం పోట్లాటలు, ఐపీఎల్ చూద్దామంటే అది రాత్రికి గానీ రాదు. కావలైనా ఒంగోలైనా ఇదే కథ. ఆ మధ్యాహ్నాలకి పాత అమెరికన్ బేస్‌బాల్ కామెడీలు భలేగా పనికొస్తాయి. ‘మాకు ఆ ఆట తెలీదు కదా’ అంటారని తెలుసు. వీటిలో చాలావాటికి ఆట ఒక వంక, నడిచేదంతా పిల్లకాయల అల్లరి, ఇంట్లో గొడవలు, పెద్దవాళ్ల మొండితనం. అయితే ఏమీ చెప్పకుండా ఊరికే పెట్టేస్తే మాత్రం పావుగంటకి ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారు. ఏది ముందు పెట్టాలి, ఏం చెప్పి పెట్టాలి, ఎక్కడ ఆపాలి, దేని జోలికి పోకూడదు, అదంతా చెప్తా.

ముందు ఆట నేర్పాలి, పది నిమిషాల పని. వరండాలో సుద్దముక్కతోనో ముగ్గుపిండితోనో పెద్ద చతురస్రం గీయండి, ఒక మూల మీ కాళ్ల దగ్గరికి వచ్చేలా. ఆ మూలే హోమ్ ప్లేట్, బ్యాటర్ నిలబడేది అక్కడే. కుడివైపు మూల ఫస్ట్ బేస్, ఎదురుగా ఉన్నది సెకండ్, ఎడమవైపు థర్డ్. పెద్దవాళ్ల ఆటలో బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. మన బౌలర్‌ని అక్కడ పిచర్ అంటారు, హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి విసురుతాడు. మన పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు, కాబట్టి దూరంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా వేయడంలో ఉంది: రనప్ లేదు, బంతి నేలమీద పడి లేవదు, వచ్చేదంతా ఫుల్‌టాసే, మోచేయి ఎంతైనా మడవొచ్చు. మనం చకింగ్ అని గొడవ చేసేదంతా అక్కడ న్యాయమే. ఈ ముక్క చెప్పగానే పిల్లకాయలకి ఆట మీద గౌరవం పోతుంది, ఏం పర్లేదు, సినిమా చూశాక మళ్లీ వస్తుంది.

ఇక స్ట్రయిక్. బ్యాటర్ ఊపి తప్పితే స్ట్రయిక్. ఊపకుండా వదిలేసినా, బంతి ప్లేట్ మీదుగా మోకాళ్లకీ ఛాతీకీ మధ్య ఎత్తులో వెళ్తే అదీ స్ట్రయికే. మూడు పడితే అవుట్. ఆ హద్దులో లేకుండా పోయినదాన్ని, వాడు ఊపకపోతే, ‘బాల్’ అంటారు, మన వైడ్ లాంటిది, అలాంటివి నాలుగు వేస్తే బ్యాటర్ దర్జాగా నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కి పోతాడు. ఫస్ట్, థర్డ్ బేస్‌ల గీతలకి బయట కొడితే ఫౌల్. అంటే మనవాళ్లు ఫైన్ లెగ్ మీదుగా కొట్టి చప్పట్లు కొట్టించుకునే షాట్‌కి అక్కడ విలువే లేదు, పైగా స్ట్రయిక్ కింద లెక్కేస్తారు (రెండు స్ట్రయిక్‌ల తర్వాత మాత్రం మామూలు ఫౌల్‌ని లెక్కలోకి తీసుకోరు, లేకపోతే ఆట అరగంటలో అయిపోతుంది). మూడు బేస్‌లూ తొక్కి హోమ్‌కి తిరిగొస్తే ఒక రన్. బంతి కంచె దాటితే హోమ్ రన్, మన సిక్సే, కానీ ఆరు రావు, బేస్‌ల మీద ఎంతమంది నిలబడి ఉంటే వాళ్లంతా, వాళ్లతో పాటు కొట్టినవాడూ ఇంటికొస్తారు, ఎంత గొప్పగా కొట్టినా నాలుగుకి మించదు. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు బ్యాటింగ్‌కి వస్తుంది. జట్టుకి తొమ్మిది మంది, తొమ్మిది ఇన్నింగ్స్. క్యాచ్ పడితే అవుట్, అది ఎక్కడైనా అంతే. చాలు. ఇంతకన్నా ఎక్కువ చెప్తే ట్యూషన్‌లా ఉంటుంది, పిల్లకాయలు పారిపోతారు.

ఇంకొక్క పేరు మాత్రం ముందే చెప్పి ఉంచండి: బేబ్ రూత్. అమెరికాలో ఆయన పేరు మన ఊళ్లో సచిన్ పేరు ఎంతో అంత. 714 హోమ్ రన్‌లు కొట్టాడు, అందులో 60 ఒక్క 1927లోనే. ఇది తెలియకపోతే మొదటి సినిమాలో అసలు జోకే అర్థం కాదు.

ఆ మొదటి సినిమా ‘ద శాండ్‌లాట్’, 1993లో వచ్చింది. ఇది కాకుండా వేరేదానితో మొదలుపెట్టకండి. కథ 1962 ఎండాకాలంలో జరుగుతుంది. స్మాల్స్ అనే పిల్లవాడు లాస్ ఏంజెలస్ పక్కన కొత్త కాలనీకి వస్తాడు, బంతి పట్టడం రాదు, విసరడం రాదు, స్నేహితులు లేరు, మారుతండ్రితో మాటలు సరిగ్గా కుదరవు. బెన్నీ అనేవాడు వాణ్ని తీసుకెళ్లి ఖాళీ స్థలంలో రోజూ ఆడే జట్టులో కలిపేస్తాడు. ఆ స్థలం చివర కంచె, కంచె అవతల రాక్షసుడని అందరూ నమ్మే కుక్క. బంతి అటు పడిందంటే పోయినట్టే. మన వీధుల్లో ‘గోడ దాటితే అవుట్, కొట్టినోడే తేవాలి’ అనే రూల్ పెట్టుకుని ఆడిన ప్రతివాడికీ ఇది సొంత కథే, ఎవరూ వివరించక్కర్లేదు. ఆ ఇంటి గేటు ముందు నిలబడి ‘నువ్వెళ్లు, నువ్వెళ్లు’ అని తోసుకోవడం మన దర్గామిట్ట సందుల్లో ఎన్నిసార్లు జరగలేదూ.

ఒకరోజు ఉన్న ఒక్క బంతీ పగిలిపోతుంది. ఆట ఆగిపోకూడదని స్మాల్స్ ఇంటికి పరిగెత్తి, మారుతండ్రి అలమరాలో పదిలంగా పెట్టుకున్న బంతి తెస్తాడు, జీవితంలో మొదటి హోమ్ రన్ కొడతాడు, అది కాస్తా కుక్క దగ్గర పడుతుంది. మిగతావాళ్లకి ఇంకా విషయం తెలీదు. ఆ బంతి మీద ఎవరో సంతకం చేశారని స్మాల్స్ చెప్తాడు, ఎవరని అడిగితే ఎవరో ఆడమనిషి, రూత్, బేబీ రూత్ అంటాడు. ఇక్కడ మీరు టీవీ చూడకండి, పిల్లకాయల మొహాలు చూడండి. బేబ్ రూత్ ఎవరో మీరు ముందే చెప్పి ఉంటే, తెర మీద పిల్లలు అరిచేలోపే మీ ఇంట్లోవాళ్లు అరుస్తారు. చెప్పకపోతే ‘అయితే ఏందంట?’ అని మీ వైపు చూస్తారు. అందుకే అంత గట్టిగా చెప్తున్నా.

ఇందులో రెండు చోట్ల రిమోట్ చేతిలో పెట్టుకోండి. ఒకటి, పిల్లలు గొప్పకి పొగాకు నమిలి జాతరలో తిరిగే రంగులరాట్నం లాంటిది ఎక్కి అందరి మీదా వాంతులు చేసుకునే సీను. నవ్వొస్తుంది, నవ్వనివ్వండి, మన బస్టాండ్లలో వేలాడే గుట్కా ప్యాకెట్ల గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు, ఆ వాంతులే చెప్తాయి. రెండోది స్విమ్మింగ్ పూల్ సీను. ఒక పిల్లవాడు లైఫ్‌గార్డ్ అమ్మాయి చేత ముద్దు పెట్టించుకోవాలని మునిగినట్టు నటిస్తాడు. సినిమా దాన్ని తెగ ముద్దుగా చూపిస్తుంది కానీ నాకైతే అది నచ్చదు. ఆపి, ఇంట్లో అమ్మాయిల్నే ‘వాడు చేసింది బాగుందా?’ అని అడగండి. సమాధానం వాళ్లే చెప్తారు, మగపిల్లలు వింటారు. ఆ కుక్క యజమాని ముసలాయన మాట్లాడేటప్పుడు గొంతు ఎక్కడో విన్నట్టుందే అంటారు. ఆయన జేమ్స్ ఎర్ల్ జోన్స్, ‘లయన్ కింగ్’లో ముఫాసా గొంతు ఆయనదే.

రెండోది కూడా 1993దే, ‘రూకీ ఆఫ్ ద ఇయర్’. పన్నెండేళ్ల హెన్రీకి ఆట రాదు. బంతి పట్టబోయి జారిపడి చెయ్యి విరుగుతుంది, కట్టు విప్పాక చూస్తే చేతిలో నరాలు బిగుసుకుపోయి, బంతి విసిరితే తూటాలా పోతుంది. షికాగో కబ్స్ జట్టు వాణ్ని పిలిచి పిచర్‌ని చేస్తుంది. వైద్యశాస్త్రం ప్రకారం ఇది ఎంత నిజం అని ఇంట్లో డాక్టరో నర్సో ఉంటే అడక్కండి, సినిమా మధ్యలో క్లాసు మొదలవుతుంది. కబ్స్ మ్యాచ్‌లో అవతలి జట్టు కొట్టిన హోమ్ రన్ బంతి చేతికి దొరికితే, ప్రేక్షకులు దాన్ని దాచుకోకుండా కోపంగా మైదానంలోకి విసిరేస్తారు, అక్కడ అదొక ఆనవాయితీ. హెన్రీ అలాగే గ్యాలరీలోంచి విసిరితే బంతి నేరుగా క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) దాకా వెళ్లిపోతుంది. ఆ ఒక్క షాట్ కోసం ఈ సినిమా పెట్టొచ్చు. కబ్స్ కథ కొంచెం చెప్పి పెట్టండి: 1908లో కప్పు గెలిచాక మళ్లీ గెలిచింది 2016లో. ఈ సినిమా తీసేనాటికి ఆ జట్టు అభిమానులు ఎనభై ఏళ్లు దాటి ఎదురుచూస్తున్నారు. ఏటా ‘ఈసారి మనదే’ అనుకుని ఓడిపోవడం బెంగళూరు అభిమానులు 2025 దాకా చూశారు కాబట్టి, ఆ బాధ వాళ్లని అడిగితే చెప్తారు. సినిమా తీసిన డేనియల్ స్టెర్న్ ఇందులో పిచ్చి కోచ్‌గా కూడా కనిపిస్తాడు, ‘హోమ్ అలోన్’లో పొడుగాటి దొంగ ఆయనే. ఈ మాట ముందు చెప్పకండి, ఎవరు కనిపెడతారో చూడండి. చివరి బంతి ఎలా వేస్తాడో కూడా నేను చెప్పను.

‘లిటిల్ బిగ్ లీగ్’ (1994) గురించి రెండు ముక్కలు. తాత చనిపోతూ పన్నెండేళ్ల మనవడికి మిన్నెసోటా ట్విన్స్ జట్టు రాసిచ్చిపోతాడు, వాడు తనే మేనేజర్ అవుతాడు. కాస్త నెమ్మదిగా నడుస్తుంది, చిన్నపిల్లలు నిద్రపోతారు. కానీ లెక్కలంటే ఇష్టమున్న పిల్లకాయలుంటే ఒక సీను ఉంది. ఒకడు ఇంటికి మూడు గంటల్లో రంగు వేస్తాడు, ఇంకొకడు ఐదు గంటల్లో, ఇద్దరూ కలిస్తే ఎంతసేపు? పిల్లవాడి హోంవర్క్‌ని జట్టంతా కూర్చుని చేయలేక తన్నుకుంటారు. ఇది మన స్కూల్లో కాలం-పని లెక్కే. అక్కడ ఆపి కాగితం ఇవ్వండి. ఎనిమిదింట పదిహేను గంటలు, అంటే గంటా యాభై రెండున్నర నిమిషాలు. ఎవరు ముందు చెప్తే వాళ్లకి మలై కాజా ఎక్కువ.

‘ఏంజెల్స్ ఇన్ ద అవుట్‌ఫీల్డ్’ వెతికేటప్పుడు జాగ్రత్త, ఇదే పేరుతో రెండున్నాయి. 1951ది పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు కథ, 1994ది కాలిఫోర్నియా ఏంజెల్స్ జట్టు కథ. పిల్లలకి 1994దే పెట్టండి. అందులో తల్లి లేని రోజర్ అనే పిల్లవాడిని తండ్రి వదిలేసి పోతూ, మళ్లీ మనం కలిసి ఎప్పుడుంటాం అని అడిగితే, చివర్లో ఉన్న ఏంజెల్స్ జట్టు ఛాంపియన్ అయినప్పుడు అని వెటకారంగా అంటాడు. పిల్లవాడు అది నిజమనుకుని దేవుడికి మొక్కుకుంటాడు, దేవదూతలు దిగొచ్చి క్యాచ్‌లు పట్టిస్తుంటారు, అవి వాడికి తప్ప ఎవరికీ కనపడవు. మధ్యలో తండ్రి విషయంలో ఒక సీను ఉంటుంది, అమ్మో నాన్నో దూరంగా గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే ఆ సీనుకి పక్కన కూర్చోండి, వంటింట్లోకి వెళ్లకండి. ఇంజినీరింగ్ చదివే అన్నలకి కూడా పని ఉంది ఇందులో: ‘ఇన్సెప్షన్’లో చేసిన జోసెఫ్ గోర్డన్ లెవిట్ చిన్నప్పుడు రోజర్‌గా చేశాడు, ‘ఇంటర్‌స్టెల్లార్’ హీరో మాథ్యూ మెకానహే జట్టులో ఒక ఫీల్డర్. వెతుక్కోమనండి, ఫోన్లు కాసేపు పక్కన పడేస్తారు.

అమ్మకీ అవ్వకీ అత్తకీ నచ్చేది ‘ఎ లీగ్ ఆఫ్ దెయిర్ ఓన్’, 1992. ఏడో తరగతి పైనున్న పిల్లలకైతే బాగుంటుంది, చిన్నవాళ్లకి పొడుగెక్కువ, రెండు గంటలు దాటుతుంది, కొన్ని జోకులు కూడా పెద్దవాళ్లవి. రెండో ప్రపంచ యుద్ధానికి మగ ఆటగాళ్లు వెళ్లిపోతే, ఆట ఆగకూడదని 1943లో ఆడవాళ్ల లీగ్ మొదలైంది, 1954 దాకా నడిచింది. ఇది నిజంగా జరిగింది. పెట్టినాయన ఫిలిప్ రిగ్లీ, చూయింగ్ గమ్ కంపెనీ ఓనరు, కబ్స్ జట్టు కూడా ఆయనదే. సినిమాలో పేరు మార్చి మిఠాయి వ్యాపారి అన్నారు. ఆటగత్తెల కోసం ఊళ్లు తిరిగే మనిషి అక్కచెల్లెళ్లని వెతుక్కుంటూ పాడి ఉన్న ఇంటికి వస్తాడు, వాళ్లు పాలు పితుకుతూ మాట్లాడుతుంటే ఆవుల్ని చూసి వాడి అవస్థ చూడాలి. బర్రెలున్న ఇళ్లవాళ్లు మనకన్నా ముందే నవ్వేస్తారు. ఆడవాళ్లకి పొట్టి స్కర్టులిచ్చి, అవే వేసుకుని నేలమీద జారమనడం, మర్యాదలు నేర్పే క్లాసులు పెట్టడం చూసి మా ఇళ్లల్లో పెద్దావిడలు సినిమా వదిలేసి తిట్టడం మొదలుపెడతారు, ఆ తిట్లు సినిమాకన్నా బాగుంటాయి కాబట్టి శబ్దం తగ్గించండి.

ఇందులో తప్పకుండా ఆపాల్సిన చోటు ఒకటుంది, ఒక్క నిమిషం కూడా ఉండదు, తల తిప్పితే పోతుంది. బంతి దొర్లుకుంటూ జనం నిలబడ్డ వైపు వెళ్తుంది. ఒక నల్లజాతి ఆవిడ దాన్ని తీసి, దగ్గరికొచ్చిన హీరోయిన్‌కి ఇవ్వకుండా ఆమె తల మీదుగా దూరంగా ఉన్న ఇంకో అమ్మాయికి విసురుతుంది, పట్టుకున్న అమ్మాయి చెయ్యి చుర్రుమంటుంది. ఆవిడ ఒక చూపు చూసి వెళ్లిపోతుంది. మాటల్లేవు. అంత బలంగా విసిరే మనిషి జట్టులో ఎందుకు లేదని పిల్లల్ని అడగండి. నల్లవాళ్లని ఆ లీగ్‌లోకి రానివ్వలేదు, మగవాళ్ల పెద్ద లీగ్‌లో కూడా నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్‌సన్ వచ్చింది 1947లోనే. యుద్ధం నుంచి టెలిగ్రామ్ వచ్చే సీను ఒకటుంది, బరువుగా ఉంటుంది, ముందే చెప్పి ఉంచండి. కోచ్‌గా టామ్ హ్యాంక్స్ తాగి ఊగుతూ మొదలవుతాడు, మెల్లగా దారికొస్తాడు.

తాతకి వేరే సినిమా ఉంది. నలుపు తెలుపు బొమ్మలంటే ఇష్టపడేవాళ్లకి 1949లో వచ్చిన ‘ఇట్ హ్యాపెన్స్ ఎవ్రీ స్ప్రింగ్’. కెమిస్ట్రీ మాస్టారు ప్రయోగం చేస్తుంటే కిటికీలోంచి బంతి వచ్చి సీసాలన్నీ పగలగొడుతుంది, ఆ ద్రవాలన్నీ కలిసి చెక్కని దగ్గరికి రానివ్వని మందు తయారవుతుంది. చెక్క బ్యాట్ ఊపితే బంతి పక్కకి తప్పుకుంటుంది! మాస్టారు కాలేజీ వదిలేసి పిచర్ అయిపోతాడు. ఆయన గదిలోనే ఉండే క్యాచర్ ఆ సీసాని జుట్టుకి రాసుకునే టానిక్ అనుకుంటాడు, చెక్క బ్రష్ పెట్టి దువ్వితే జుట్టు బెదిరి పక్కకి పోతుంది. ఈ సినిమా అయ్యాక ఇంట్లో గొడవ గ్యారంటీ, ఎందుకంటే అది అచ్చంగా బాల్ ట్యాంపరింగ్. బంతికి ఏదీ పూయకూడదని బేస్‌బాల్‌లో 1920 నుంచే గట్టి నిషేధం ఉంది, అయినా సినిమా మాస్టారి వైపే ఉంటుంది. 2018లో ఆస్ట్రేలియావాళ్లు శాండ్‌పేపర్‌తో దొరికినప్పుడు తిట్టిన నోళ్లే ఇక్కడ చప్పట్లు కొడతాయి. తాతని కదిలించి చూడండి.

దేని జోలికి పోకూడదంటే, ‘ద బ్యాడ్ న్యూస్ బేర్స్’ (1976). పిల్లల జట్టు, తాగుబోతు కోచ్, చాలా మంచి సినిమా, నాకు చాలా ఇష్టం కూడా. కానీ పిల్లల నోట్లోంచి వచ్చే బూతులు, జాతుల మీద తిట్లు అడుగడుగునా ఉంటాయి, పోస్టర్ మీద పిల్లలు కనిపించారని మోసపోకండి. పెద్దవాళ్లు రాత్రి చూసుకోవచ్చు. ‘మేజర్ లీగ్’ (1989), ‘బుల్ డరమ్’ (1988) రెండూ కామెడీలే, రెండిటికీ ‘ఆర్’ రేటింగ్ ఉంది, అంటే పెద్దవాళ్ల కోసం తీసినవి, ఇంటిల్లిపాదితో అసలు వద్దు. నేను పైన చెప్పిన తొంభైల సినిమాలన్నీ ‘పీజీ’, అంటే పక్కన పెద్దవాళ్లుండి చూపించొచ్చు. శాండ్‌లాట్‌కి రెండో భాగం, మూడో భాగం కూడా వచ్చాయి, వాటికోసం డేటా ఖర్చు పెట్టొద్దు.

ఇక పెట్టే పద్ధతి. ఏ యాప్‌లో ఏది ఎప్పుడుంటుందో మారిపోతూ ఉంటుంది కాబట్టి పేరుతో పాటు ఏడాది కూడా కొట్టి వెతకండి, లేకపోతే రీమేక్‌లు తగులుతాయి. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, ముందు రోజు రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఆన్ చేయండి, అమెరికా పిల్లలు గబగబా మాట్లాడతారు, పెద్దవాళ్లకే సగం అర్థం కాదు. ఇంట్లో ఇంగ్లిష్ బాగా వచ్చిన ఒక అక్కకో అన్నకో తెలుగులో చెప్పే పని అప్పగించండి, కానీ ప్రతి మాటా తర్జుమా చేయొద్దని గట్టిగా చెప్పండి, ఎవరు ఎవరి మీద ఎందుకు కోపంగా ఉన్నారో చెప్తే సరిపోతుంది. తినడానికి బొరుగుల మసాలా, దొరికితే తాటిముంజలు. చేపల పులుసు అన్నం తిన్న వెంటనే మాత్రం పెట్టకండి, టైటిల్స్ పడేలోపు ఇంట్లో సగంమంది పడుకుంటారు.

సినిమా అయిపోయిన సాయంత్రం పిల్లకాయలు ఇదే ఆడతామంటారు. ఆడనివ్వండి, టెన్నిస్ బంతి, క్రికెట్ బ్యాట్, బేస్‌లకి నాలుగు చెప్పులు, చెప్పుకీ చెప్పుకీ మధ్య పదిహేను అంగలు. సినిమాలో చూసినట్టు బేస్ దగ్గర జారాలని ప్రతివాడికీ ఉంటుంది, కాబట్టి మిద్దె మీద, సిమెంట్ రోడ్డు మీద వద్దు, మోకాళ్లు చెక్కుకుపోతాయి. ఆదివారమైతే మైపాడు బీచ్‌కి తీసుకెళ్లి అలలకి బాగా ఇవతల ఇసుకలో ఆడించండి, ఒక పెద్దమనిషి సముద్రం వైపు నిలబడాలి. ఇంకో సంగతి, క్రికెట్‌లో బ్యాట్ పట్టుకునే పరిగెడతాం, ఇందులో వదిలేసి పరిగెత్తాలి. వదలడం అంటే మనవాళ్లు గిరాటేస్తారు, అది పోయి కీపర్ మోకాలికి తగులుతుంది. ‘బ్యాట్ కింద పెట్టి పరిగెత్తు, విసిరితే అవుట్’ అని మొదటి బంతికి ముందే చెప్పేయండి, కీపర్‌ని నాలుగు అంగలు వెనక్కి నిలబెట్టండి.